టెంప్లేట్ యాట్రిబ్యూట్ మీద మౌస్ పెడితే వివరం కనిపించాలి: ఎడిటర్‌కు హోవర్ కలపడం ఎలా?

తొలకరి
సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మా బృందం హెచ్‌టీఎమ్‌ఎల్‌ను పోలిన సొంత టెంప్లేట్ భాష ఒకటి వాడుతోంది. ట్యాగులు మా కాంపోనెంట్ల పేర్లు, యాట్రిబ్యూట్లు వాటికి పంపే విలువలు. యాట్రిబ్యూట్ పేరు ముందు కోలన్ ఉంటే విలువ ఎక్స్‌ప్రెషన్, లేకపోతే మామూలు స్ట్రింగ్. కాంపోనెంట్లు ఎనభై దాటాయి. "ఇది ఏమి చేస్తుంది? ఏ విలువలు తీసుకుంటుంది?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. జవాబు కోసం ప్రతిసారీ కాంపోనెంట్ ఫైలు తెరవాల్సిందే.

అందుకని విఎస్ కోడ్ ఎడిటర్‌కు చిన్న ఎక్స్‌టెన్షన్ (అదనపు సౌకర్యం కలిపే ప్రోగ్రాము) రాశాను. కర్సర్ కింద ఉన్న పదాన్ని తీసుకుని, నేను తయారుచేసిన పట్టికలో వెతికి, దొరికిన వివరణను హోవర్ పెట్టెలో చూపిస్తుంది. ముప్పై వరుసల్లో పని అయిపోయింది. మొదటి రోజు అందరూ సంతోషించారు. రెండో రోజు నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి.

"రో-కీ" లాంటి హైఫన్ ఉన్న పేరు మీద మౌస్ పెడితే "రో" ఒక్కటే దొరుకుతోంది, లేదా "కీ" ఒక్కటే. "సైజ్" అనే యాట్రిబ్యూట్‌కు బటన్‌లో ఒక అర్థం, టేబుల్ కాంపోనెంట్‌లో మరో అర్థం. నా పట్టికలో ఉన్నది ఒకే వివరణ. పైగా రెండు ట్యాగుల మధ్య ఉన్న మామూలు వాక్యంలో "సైజ్" అన్న పదం వచ్చినా పెట్టె తెరుచుకుంటోంది. కామెంట్లలోనూ అదే తీరు.

పదాన్ని పట్టే రెగెక్స్ (పాఠ్యంలో వెతికే నమూనా) సరిచేసుకుంటూ పోతే ఇది తేలే పనేనా, లేక దారే మార్చుకోవాలా?


చుక్కాని
సోమవారం, ఉదయం 10:40

హైఫన్ సంగతి ముందు చెప్పేస్తాను. విఎస్ కోడ్ దృష్టిలో హైఫన్ పదాలను విడదీసే గుర్తు. కర్సర్ దగ్గరి పదాన్ని అడిగే ఫంక్షన్‌కు రెండో ఆర్గ్యుమెంటుగా మీ సొంత రెగెక్స్ ఇవ్వవచ్చు. లేదా భాష కాన్ఫిగరేషన్ ఫైలులో వర్డ్ ప్యాటర్న్ మార్చండి. రెండుసార్లు క్లిక్ చేసి పదాన్ని ఎంచుకోవడం మాత్రం దీనితో మారదు, దానికి వర్డ్ సెపరేటర్స్ అనే వేరే సెట్టింగు ఉంది.

మిగతా రెండింటి విషయంలో, మీ ఫైళ్లను ఎడిటర్ హెచ్‌టీఎమ్‌ఎల్‌గానే గుర్తిస్తే కోడ్ రాయకుండానే చాలా దూరం వెళ్లవచ్చు. కస్టమ్ డేటా అని ఒక జేసన్ ఫైలు ఉంటుంది. అందులో ట్యాగులు, ఒక్కో ట్యాగు కింద దాని యాట్రిబ్యూట్లు, అన్ని ట్యాగులకూ వర్తించే యాట్రిబ్యూట్లు, విలువల జాబితాలు వేరువేరుగా రాసుకోవచ్చు. ప్రతిదానికీ వివరణ, చూడదగ్గ లింకులు ఇవ్వవచ్చు. సెట్టింగుల్లో ఆ ఫైలు పేరు చేర్చితే చాలు, హోవర్‌తో పాటు టైపు చేస్తున్నప్పుడు సూచనలు కూడా వస్తాయి. బటన్ సైజ్ వేరు, టేబుల్ సైజ్ వేరు అన్నది అక్కడే తేలిపోతుంది.


తొలకరి
సోమవారం, ఉదయం 11:25

చుక్కాని గారూ, కస్టమ్ డేటా సంగతి నాకు తెలియదు, చాలా కృతజ్ఞతలు. ఇప్పుడే ఒక కాంపోనెంటుకు రాసి చూశాను. మామూలు యాట్రిబ్యూట్లకు బాగానే వస్తోంది, ముందు కోలన్ ఉన్నవాటికి రావడం లేదు. కోలన్‌తో కలిపి అదే పేరును రెండోసారి రాసుకోవాలేమో. పైగా మా ఫైళ్ల పేర్ల చివర ఉండే ఎక్స్‌టెన్షన్ వేరు, ఎడిటర్‌లో భాష పేరూ వేరు. హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మార్చితే లూపులు, షరతులు రాసిన చోట రంగులన్నీ చెదిరిపోతున్నాయి.


కొమ్మరెమ్మ
సోమవారం, మధ్యాహ్నం 1:05

తొలకరి గారూ, దారే మార్చుకోండి. పదాన్ని చూడటం మానేసి చెట్టును చూడండి.

హోవర్‌లో ఎడిటర్ మనల్ని అడిగేది ఒకే ప్రశ్న: ఫలానా వరుసలో ఫలానా స్థానంలో ఏముంది? పదాన్ని మాత్రమే చూసే కోడ్‌కు ఆ పదం చుట్టూ ఉన్నది కనిపించదు. టెంప్లేట్‌ను పార్స్ చేసి, అంటే ట్యాగులు, యాట్రిబ్యూట్లుగా విడదీసి చెట్టులా పేర్చి, ప్రతి నోడ్ (ఆ చెట్టులోని ఒక్కో ముక్క) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దాచుకుంటే ఆ స్థానం ఏ నోడ్‌లో పడిందో తెలుస్తుంది. యాట్రిబ్యూట్ పేరు మీద పడితే యాట్రిబ్యూట్ వివరణ, విలువ మీద పడితే ఆ విలువ వివరణ, ట్యాగు పేరు మీద పడితే కాంపోనెంట్ వివరణ. వాక్యంలోనో కామెంటులోనో ఖాళీలోనో పడితే ఏమీ చూపించకూడదు. శూన్యం కూడా సరైన జవాబే. అవసరం లేని చోట తెరుచుకునే పెట్టె, కోడ్ చదివే మనిషికి అడుగడుగునా అడ్డం వస్తుంది.

పార్సర్ ఎంపికలో ఒక జాగ్రత్త. బ్రౌజరు తీరులో పనిచేసే హెచ్‌టీఎమ్‌ఎల్ పార్సర్లను దీనికి తీసుకోవద్దు. అవి ప్రమాణం ప్రకారం యాట్రిబ్యూట్ పేర్లను చిన్న అక్షరాలకు మార్చేస్తాయి, అందువల్ల పెద్ద అక్షరాలు కలిపి రాసిన మీ పేర్లు పోతాయి. టేబుల్ లోపల ఉండకూడనిది కనిపిస్తే దాన్ని తీసి టేబుల్‌కు ముందు పెడతాయి. బ్రౌజరుకు అది న్యాయమే. మనకు కావలసింది రాసినవారు రాసిన చోటే ఉన్న చెట్టు. పార్స్‌5 లాంటి ఆ రకం పార్సర్లు యాట్రిబ్యూట్ మొత్తానికి మొదలు, చివర చెబుతాయి గానీ పేరు ఎక్కడ ఆగింది, విలువ ఎక్కడ మొదలైంది అన్నది మళ్లీ మనమే వెతుక్కోవాలి.

ఇంకొక మాట. మనిషి టైపు చేస్తున్నంతసేపూ ఫైలు విరిగిన స్థితిలోనే ఉంటుంది. మూయని కొటేషన్, సగం రాసిన ట్యాగు, విలువ లేని సమం గుర్తు, ఇవన్నీ ఎప్పుడూ ఉండేవే. తప్పు కనిపించగానే చేతులెత్తేసే పార్సర్ ఎడిటర్‌కు పనికిరాదు. పార్సర్లను తయారుచేసే ట్రీ-సిట్టర్ అనే పనిముట్టుతో వ్యాకరణం రాసుకుంటే తప్పున్న భాగాన్ని తప్పు నోడ్‌గా గుర్తుపెట్టి మిగతా చెట్టును నిలబెడుతుంది, మారినంత మేరకే మళ్లీ పార్స్ చేస్తుంది. చేత్తో రాసుకున్నా పరవాలేదు. అప్పుడు యాట్రిబ్యూట్ పేరు రావలసిన చోట కొత్త ట్యాగు మొదలైతే, పాత ట్యాగు అక్కడికి ముగిసిందని అనుకుని ముందుకు సాగాలి. ఆ ఒక్క నియమమే చాలా కాపాడుతుంది.


సన్నగీత
సోమవారం, మధ్యాహ్నం 1:30

నాదొక చిన్న సందేహం. ఇదంతా విఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ లోపలే రాయాలా? మా దగ్గర సగం మంది నియోవిమ్ అనే మరో ఎడిటర్ వాడుతున్నారు.


చుక్కాని
సోమవారం, మధ్యాహ్నం 2:10

సన్నగీత గారూ, సరైన సమయానికి అడిగారు. పని పెరిగే సూచనలు ఉంటే మొదటి నుంచే లాంగ్వేజ్ సర్వర్‌గా రాయడం మేలు. 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను ప్రకటించింది సరిగ్గా ఈ అవసరం కోసమే. భాషకు సంబంధించిన తెలివి అంతా సర్వర్‌లో ఉంటుంది, ఎడిటర్ ప్రశ్నలు మాత్రం పంపుతుంది. నియోవిమ్‌లో 0.5 వెర్షన్ నుంచి ఆ ప్రశ్నలు పంపే క్లయింట్ లోపలే ఉంది.

హోవర్ అభ్యర్థనలో వచ్చేవి ఫైలు చిరునామా, వరుస సంఖ్య, వరుసలో స్థానం. రెండు సంఖ్యలూ సున్నా నుంచి మొదలవుతాయి. జవాబులో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది చూపించవలసిన పాఠ్యం, ఇది మామూలు పాఠ్యమో మార్క్‌డౌనో (గుర్తులతో రూపం ఇచ్చిన పాఠ్యం) కావచ్చు, ఎడిటర్‌కు ఏది ఇష్టమో మొదట్లోనే చెబుతుంది. రెండోది ఆ వివరణ వర్తించే పరిధి. పరిధి ఐచ్ఛికమే అయినా తప్పక ఇవ్వండి. ఇవ్వకపోతే ఎడిటర్ తనకు తోచిన పదాన్నే పరిధిగా తీసుకుంటుంది, మీ హైఫన్ తలనొప్పి మళ్లీ మొదటికి వస్తుంది. సరైన పరిధి ఇస్తే "రో-కీ" మొత్తం వెలుగుతుంది.


తొలకరి
బుధవారం, సాయంత్రం 5:50

రెండు రోజులు కూర్చున్నాను. ట్రీ-సిట్టర్ వ్యాకరణం రాసి, సర్వర్ లేపాను. వాక్యాల్లో, కామెంట్లలో పెట్టె రావడం ఆగిపోయింది. బటన్ సైజ్, టేబుల్ సైజ్ విడిపోయాయి. కొమ్మరెమ్మ గారికి, చుక్కాని గారికి మనసారా ధన్యవాదాలు.

అయితే ఒక వింత కనిపిస్తోంది. కొన్ని వరుసల్లో మాత్రం పక్క యాట్రిబ్యూట్ వివరణ వస్తోంది. ఒక ట్యాగులో మొదట "లేబుల్" ఉంది, దాని విలువ "తెలుగు". ఆ వెంటనే "సైజ్" ఉంది. సైజ్ మీద మౌస్ పెడితే లేబుల్ వివరణ చూపిస్తోంది. అదే లేబుల్ విలువను ఇంగ్లీషులో రాస్తే సరిగా వస్తోంది. వరుసలో తెలుగు ఎంత ఎక్కువ ఉంటే తప్పు అంత ఎడమకు జరుగుతోంది. ఒకటికి రెండుసార్లు వ్యాకరణమంతా చూశాను, దోషం దొరకలేదు.


కొమ్మరెమ్మ
బుధవారం, సాయంత్రం 6:20

దోషం వ్యాకరణంలో లేదు, కొలతలో ఉంది. మీ ఎడిటరూ ట్రీ-సిట్టరూ వేర్వేరు కొలబద్దలతో కొలుస్తున్నాయి.

ప్రోటోకాల్‌లో వరుసలోని స్థానాన్ని యూటీఎఫ్-16 (అక్షరాలను కంప్యూటర్‌లో దాచే ఒక పద్ధతి) యూనిట్లలో చెబుతారు. ట్రీ-సిట్టర్ స్థానాన్ని బైట్లలో లెక్కిస్తుంది. ఫైలు యూటీఎఫ్-8 అనే మరో పద్ధతిలో ఉంటే ఇంగ్లీషు అక్షరానికి రెండు లెక్కలూ ఒకటే, అందుకే ఇంతకాలం బయటపడలేదు. మన లిపి దగ్గరికి వచ్చేసరికి తేడా తెలుస్తుంది.

"తెలుగు" అన్న మాటనే విప్పి చూడండి. కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం, మొత్తం 6 సంకేతాలు. యూటీఎఫ్-16లో ఒక్కో సంకేతం ఒక యూనిట్, కాబట్టి 6. యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతం 3 బైట్లు, కాబట్టి 18. అంటే ఆ మాట దాటిన ప్రతిచోటా మీ లెక్కలో 12 తేడా. ఎడిటర్ సైజ్ ఉన్న చోటును చెబుతోంది, మీ సర్వర్ ఆ సంఖ్యను బైట్లుగా చదివి 12 బైట్లు వెనక్కి, అంటే తెలుగు విలువ మధ్యలోకి పోయి పడుతోంది. అక్కడ ఉన్నది లేబుల్. చూపించిందీ అదే.

పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా మనం వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉందే, అది కంటికి అసలు కనిపించదు, కానీ అదీ ఒక యూనిట్, 3 బైట్లు. ఇక ఎమోజీల్లో చాలావరకు ఒక్కో సంకేతం 2 యూనిట్లు, 4 బైట్లు. అందువల్ల "మూడుతో భాగించేద్దాం" లాంటి అడ్డదారి నడవదు. ఆ వరుస పాఠ్యాన్ని తీసుకుని మొదటి నుంచి ఒక్కో సంకేతాన్ని దాటుతూ రెండు లెక్కలనూ పక్కపక్కన పెంచుకుంటూ పోవాలి. వరుస పొడవు ఎంత ఉంటుంది కనుక, ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

2022లో వచ్చిన ప్రోటోకాల్ 3.17 వెర్షన్‌లో ఏ కొలత వాడాలో ఎడిటర్, సర్వర్ ముందే మాట్లాడుకునే వీలు కల్పించారు. ఎడిటర్ ఒప్పుకుంటే యూటీఎఫ్-8 ఎంచుకోవచ్చు. కానీ అందరూ తప్పనిసరిగా అర్థం చేసుకోవలసింది మాత్రం యూటీఎఫ్-16. కనుక మార్చే ఫంక్షన్ ఎలాగూ రాసుకోవాలి.


తొలకరి
బుధవారం, రాత్రి 8:35

సరిపోయింది! సైజ్ మీద పెడితే సైజే వస్తోంది. కానీ వెలిగే పరిధి ఇంకా కుడివైపుకు జరిగి ఉంది, వివరణ సరైనదే అయినా రంగు మాత్రం తర్వాతి యాట్రిబ్యూట్ మీద పడుతోంది.


కొమ్మరెమ్మ
బుధవారం, రాత్రి 8:41

లోపలికి వచ్చే స్థానాన్ని మార్చారు, బయటికి పంపే పరిధిని మార్చలేదు. రెండు వైపులా మార్చాలి. ఆ ఫంక్షన్లను సర్వర్ గుమ్మం దగ్గరే పెట్టండి. లోపలి కోడ్ అంతా బైట్లలోనే ఆలోచించాలి, యూటీఎఫ్-16 అన్న ఊసే లోపలికి రాకూడదు.


రెండోచూపు
గురువారం, ఉదయం 9:15

ఈ తప్పును నేను మూడు వేర్వేరు సర్వర్లలో చూశాను. ప్రతిచోటా ఇంగ్లీషు ఉదాహరణలతోనే టెస్టులు రాశారు. తొలకరి గారూ, మీ టెస్టు ఫైళ్లలో తెలుగు విలువ ఒకటి, ఎమోజీ ఒకటి, కనిపించని నాన్ జాయినర్ ఉన్న మాట ఒకటి, ట్యాబ్‌తో మొదలయ్యే వరుస ఒకటి శాశ్వతంగా ఉంచండి. స్థానాలను సంఖ్యలుగా రాస్తే ఫైలు మారినప్పుడల్లా అన్నీ తప్పుతాయి. టెంప్లేట్‌లో మరెక్కడా రాని గుర్తు ఒకటి ఎంచుకుని మౌస్ ఉండవలసిన చోట పెట్టండి. టెస్టు మొదట ఆ గుర్తును తీసేసి దాని స్థానాన్ని పట్టుకుంటుంది, తర్వాత హోవర్ అడుగుతుంది. ఇలా రాసిన టెస్టును ఆరు నెలల తర్వాత చదివినా ఎక్కడ మౌస్ పెట్టామో కంటికి తెలుస్తుంది.


జాడ
గురువారం, ఉదయం 11:00

ఇంతవరకు మాట్లాడుకున్నది "ఎక్కడ" అన్న ప్రశ్న. "ఏమి చూపించాలి, అది ఎక్కడి నుంచి రావాలి" అన్నది ఇంకా మిగిలే ఉంది.

తొలకరి గారూ, వివరణల పట్టిక మీరే రాశానన్నారు. దయచేసి దాన్ని పెంచవద్దు. కాంపోనెంట్ ఒకచోట, వివరణ మరోచోట ఉంటే కొద్ది వారాల్లోనే రెండూ విడిపోతాయి. కాంపోనెంట్ మార్చినవారు పట్టిక మార్చరు. అప్పుడు హోవర్ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. వివరణ లేకపోతే మనిషి ఫైలు తెరిచి చూసుకుంటాడు, తప్పుడు వివరణ ఉంటే నమ్మి ముందుకు పోతాడు. రెండోది చాలా ఎక్కువ నష్టం.

మీ కాంపోనెంట్లు టైప్‌స్క్రిప్ట్‌లో (విలువల రకాలను కూడా రాసే ప్రోగ్రామింగ్ భాష) ఉంటే వివరణ ఉండవలసిన చోటు ప్రాపర్టీ పైన ఉన్న డాక్ కామెంట్, అంటే కోడ్‌లోనే రాసే వివరణ. టైప్‌స్క్రిప్ట్ కంపైలరునే అడిగితే ప్రాపర్టీ రకం, కామెంట్, డిఫాల్ట్ విలువ ట్యాగు, వాడకం మానేయమనే ట్యాగు అన్నీ చెబుతుంది. టెంప్లేట్‌లోని "రో-కీ"ని కోడ్‌లోని పేరుగా మార్చుకోవాలి: ముందున్న కోలన్ తీసేయాలి, హైఫన్ తర్వాతి అక్షరాన్ని పెద్దది చేయాలి. అంతే, సింబల్, అంటే కంపైలరు దగ్గర ఆ ప్రాపర్టీకి ఉన్న నమోదు, దొరుకుతుంది.

వ్యూ, యాంగ్యులర్, స్వెల్ట్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్కుల పనిముట్లు ఇంకా ముందుకు వెళ్లాయి. అవి టెంప్లేట్ మొత్తాన్ని కంటికి కనిపించని టైప్‌స్క్రిప్ట్ కోడ్‌గా మారుస్తాయి. టెంప్లేట్‌లోని ఏ ముక్క ఆ కోడ్‌లో ఎక్కడికి పోయిందో గుర్తుపెట్టుకుంటాయి. హోవర్ అడిగితే ఆ దాగిన కోడ్‌లో అదే స్థానాన్ని టైప్‌స్క్రిప్ట్‌ను అడిగి, వచ్చిన జవాబు పరిధిని మళ్లీ టెంప్లేట్‌కు మార్చి ఇస్తాయి. యాంగ్యులర్‌లో ఆ దాగిన కోడ్‌ను టైప్ చెక్ బ్లాక్ అంటారు. మీరూ ఆ దారిలోనే వెళ్లాలని నా సలహా. ఈరోజు హోవర్ అడిగినవారు రేపు నిర్వచనానికి వెళ్లే సౌకర్యం అడుగుతారు, ఎల్లుండి పేరు మార్చడం, తప్పు రకం ఇస్తే ఎర్ర గీత అడుగుతారు. ఒకే పునాది మీద అన్నీ నిలబడతాయి.


చుక్కాని
గురువారం, మధ్యాహ్నం 12:20

జాడ గారితో సగం ఏకీభవిస్తాను. పట్టిక వద్దు, డాక్ కామెంటే మూలం కావాలి అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ టెంప్లేట్ అంతటినీ దాగిన టైప్‌స్క్రిప్ట్‌గా మార్చడం పెద్ద పని. లూపు లోపలి వేరియబుల్ ఎక్కడివరకు కనిపించాలి, స్లాట్లకు (కాంపోనెంట్ లోపల బయటి పాఠ్యం వచ్చి కూర్చునే చోట్లు) ఏ రకం ఇవ్వాలి, షరతు లోపల రకం ఎలా కుదించుకోవాలి, ఇవన్నీ తేల్చాలి. యాట్రిబ్యూట్ పేరు మీద హోవర్‌కు వీటిలో ఒక్కటీ అక్కరలేదు. ట్యాగు పేరు తెలుసు, కాంపోనెంట్ తెలుసు, ప్రాపర్టీ సింబల్‌ను నేరుగా అడగవచ్చు. ఒకరిద్దరు మాత్రమే నిర్వహించే పనిముట్టుకు మొదటి అడుగు చిన్నదిగా ఉండాలి.


జాడ
గురువారం, మధ్యాహ్నం 12:48

పేరు మీద హోవర్‌కు మీ మాట సరైనదే, ఒప్పుకుంటున్నాను. కోలన్ ఉన్న యాట్రిబ్యూట్ విలువ లోపల ఎక్స్‌ప్రెషన్ ఉంటుంది కదా, దాని మీద మౌస్ పెట్టినప్పుడు మాత్రం దాగిన కోడ్ లేకుండా నిజాయితీగా జవాబు చెప్పలేము. అంతవరకు అక్కడ శూన్యం ఇవ్వండి. ఊహించి చూపించవద్దు.

ఇంకో చిన్న విషయం. రకాన్ని పాఠ్యంగా మార్చేటప్పుడు టైప్‌స్క్రిప్ట్ పొడుగ్గా ఉన్నవాటిని మధ్యలో చుక్కలు పెట్టి కుదించేస్తుంది. కుదించవద్దని చెప్పే ఫ్లాగ్ ఉంది, వాడండి. రకానికి వేరే పేరు పెట్టుకున్నచోట ఆ పేరే కనిపిస్తుంది తప్ప లోపలి విలువలు కనిపించకపోవచ్చు. "బటన్ సైజ్" అని చూపిస్తే చదివేవారికి ఏమి తెలిసింది? చిన్న, మధ్య, పెద్ద అన్న మూడు విలువలను విప్పి చూపించాలి.


పదకోశం
గురువారం, సాయంత్రం 4:30

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. నా పని డాక్యుమెంటేషన్ రాయడం, కాబట్టి ఆ పెట్టెలో ఉండే మాటల గురించి చెప్పాలని ఉంది. పెట్టె ఎంత సరిగ్గా తెరుచుకున్నా లోపల "సైజ్: సైజును నిర్దేశిస్తుంది" అని ఉంటే అంత శ్రమా వృథా అవుతుంది. అలాంటి వివరణలు వందల్లో చూశాను.

మౌస్ అక్కడ ఆపిన మనిషి పని మధ్యలో ఉన్నాడు. అతనికి కావలసినవి కొన్నే: ఇది ఏమి చేస్తుంది, ఏమి ఇవ్వవచ్చు, ఇవ్వకపోతే ఏమవుతుంది, ఎక్కడ పొరపాటు పడతాను. ఈ నాలుగో ప్రశ్నకు జవాబు రాసేవారు చాలా అరుదు, అసలు విలువ అక్కడే ఉంది.

అందరికీ తెలిసిన హెచ్‌టీఎమ్‌ఎల్ యాట్రిబ్యూట్ "డిసేబుల్డ్"నే తీసుకోండి. "బటన్‌ను నిష్క్రియం చేస్తుంది" అని రాస్తే అది తెలిసిన సంగతే. "బటన్ నొక్కకుండా ఆపుతుంది. పేరు ఉంటే చాలు, విలువ ఏమిటన్నది చూడదు. ఫాల్స్ అని రాసినా బటన్ ఆగిపోతుంది. ఆపకూడదంటే యాట్రిబ్యూట్‌నే తీసేయాలి." ఇలా రాస్తే ఒక అరగంట వెతుకులాట తప్పుతుంది. అలాగే చిత్రాల "లోడింగ్" యాట్రిబ్యూట్‌లో పేరు మీద పెడితే మొత్తం సంగతి చెప్పాలి, "లేజీ" అన్న విలువ మీద పెడితే ఆ విలువ సంగతే చెప్పాలి: చిత్రం తెరకు దగ్గరయ్యేవరకు దింపుకోదు, ఏమీ ఇవ్వకపోతే "ఈగర్" అని లెక్క.

వాడకం మానేయమన్న యాట్రిబ్యూట్ అయితే ఆ మాట మొదటి వరుసలో ఉండాలి, దాని బదులు ఏది వాడాలో అదే వాక్యంలో ఉండాలి. అడుగున పెడితే ఎవరూ చదవరు. ఉదాహరణ ఒక్కటి చాలు, రెండు వరుసలు మించకూడదు. చరిత్ర, రూపకల్పన వెనుక ఆలోచన, పోలికలు పూర్తి డాక్యుమెంటేషన్‌లో ఉండాలి, ఇక్కడ దానికి లింకు ఇస్తే చాలు.

బృందంలో అందరూ తెలుగువారే అయితే డాక్ కామెంట్లు తెలుగులో రాయడానికి వెనకాడవద్దు. యాట్రిబ్యూట్ పేర్లు ఎలా ఉన్నవి అలాగే ఉంచి, వాక్యం మనదిగా ఉంటే కొత్తవారికి చదవగానే ఎక్కుతుంది. మేము అలా చేసిన చోట మళ్లీ వచ్చి అడిగేవారు బాగా తగ్గారు.


సన్నగీత
గురువారం, సాయంత్రం 4:52

పదకోశం గారూ, ఆ "డిసేబుల్డ్" వాక్యం నేను నేరుగా మా ప్రాజెక్టులోకి తీసుకుంటున్నాను.


రెండోచూపు
గురువారం, రాత్రి 9:10

మౌస్ వాడని వారిని మరిచిపోకండి. నేను కీబోర్డుతోనే పనిచేస్తాను, తెరను బాగా పెద్దది చేసుకుంటాను. విఎస్ కోడ్‌లో కంట్రోల్ కె, వెంటనే కంట్రోల్ ఐ నొక్కితే కర్సర్ ఉన్న చోట హోవర్ తెరుచుకుంటుంది. మీ సర్వర్‌కు అది మామూలు హోవర్ అభ్యర్థన లాగే వస్తుంది, ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ లేదు. ఒక్కటే తేడా. మౌస్ అక్షరం మీద ఉంటుంది, కీబోర్డు కర్సర్ రెండు అక్షరాల మధ్య ఉంటుంది. పేరు రాయడం ముగించగానే కర్సర్ పేరు చివర, సమం గుర్తుకు ముందు ఉంటుంది. పరిధి చివరను బయట అని లెక్కిస్తే నాకు ఏమీ రాదు. పేరు చివరి అంచును కూడా పేరులోనే కలపండి.

పాఠ్యం విషయంలో కూడా ఒక విన్నపం. హోవర్ పెట్టెలో మార్క్‌డౌన్ టేబుల్ పెట్టవద్దు. తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వింటే గడి గడికీ ఆగుతూ అర్థం తెగిపోతుంది, పెద్ద అక్షరాల్లో చూస్తే అడ్డంగా జరపాలి. రంగు ఒక్కదానితోనే హెచ్చరిక చెప్పవద్దు. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన మార్గదర్శకాలు, 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1లో హోవర్ గురించి ప్రత్యేకంగా 1.4.13 అనే నియమం ఉంది. కర్సర్ కదపకుండానే పెట్టెను మూయగలగాలి, మౌస్‌ను పెట్టె మీదికి తీసుకువెళ్లగలగాలి, మౌస్ తీసేవరకో మనం వద్దనేవరకో పెట్టె ఉండాలి. ఎడిటర్ ఇచ్చే పెట్టెనే వాడుతున్నంతకాలం ఆ బాధ్యత ఎక్కువగా ఎడిటర్‌ది. సొంతంగా పెట్టె గీయాలని మాత్రం అనుకోవద్దు.


చుక్కాని
శుక్రవారం, ఉదయం 8:30

వేగం గురించి రెండు మాటలు. విఎస్ కోడ్ డిఫాల్ట్‌గా 300 మిల్లీసెకన్లు ఆగి హోవర్ అడుగుతుంది. ఆ తర్వాత మీరు ఇంకో సెకను తీసుకుంటే మనిషి అప్పటికే ముందుకు వెళ్లిపోతాడు. మౌస్ కదలగానే ఎడిటర్ పాత అభ్యర్థనను రద్దు చేయమని చెప్పవచ్చు. దాన్ని గౌరవించండి, లేకపోతే ఎవరికీ అక్కరలేని జవాబులు వరుసకట్టి అసలు జవాబును ఆపుతాయి. పార్స్ చేసిన చెట్టును ఫైలు వెర్షన్ సంఖ్యతో కలిపి దాచుకోండి. టైప్‌స్క్రిప్ట్ ప్రాజెక్టును మొదటి హోవర్ వచ్చినప్పుడు కాకుండా ఫైలు తెరిచినప్పుడే సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టండి.

భద్రత విషయం కూడా ఉంది. డాక్ కామెంట్లు బయటి ప్యాకేజీల నుంచీ వస్తాయి. విఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ వైపు మార్క్‌డౌన్‌ను నమ్మదగినదిగా గుర్తిస్తే అందులోని లింకులు ఎడిటర్ కమాండ్లను నడపగలవు. ఆ గుర్తు పెట్టవద్దు.


తొలకరి
సోమవారం, సాయంత్రం 6:15

వారం గడిచింది. ఎక్కడివరకు వచ్చానో రాస్తున్నాను.

పట్టిక తీసేశాను. వివరణలన్నీ కాంపోనెంట్ల డాక్ కామెంట్లలోకి మార్చడానికి రెండు రోజులు పట్టింది. మారుస్తున్నప్పుడే తెలిసింది, పట్టికలో పదకొండు వివరణలు అప్పటికే తప్పు. అందులో ఒకటి ఏడాది క్రితం తీసేసిన యాట్రిబ్యూట్. జాడ గారు చెప్పిన మాట నా కళ్లముందే నిజమైంది. చుక్కాని గారు చెప్పినట్టు సింబల్‌ను నేరుగా అడుగుతున్నాను, ఎక్స్‌ప్రెషన్ల లోపల శూన్యం ఇస్తున్నాను. రెండోచూపు గారి అంచు సంగతి సరిచేశాను, పేరు చివర కర్సర్ పెట్టి కీబోర్డుతో అడిగే టెస్టు కూడా రాశాను.

మధ్యలో మరో ఇబ్బంది వచ్చింది. ఒక సహోద్యోగికి ప్రతి హోవర్ రెండుసార్లు కనిపించింది. ఆమె సెట్టింగుల్లో మా ఫైళ్లు ఇంకా హెచ్‌టీఎమ్‌ఎల్‌గా నమోదై ఉన్నాయి, నేను మొదటి రోజు రాసిన కస్టమ్ డేటా ఫైలూ అలాగే ఉంది. ఒకే ఫైలుకు ఇద్దరు హోవర్ ఇస్తే విఎస్ కోడ్ రెండింటినీ కలిపి ఒకే పెట్టెలో చూపిస్తుందని అప్పుడు తెలిసింది. ఆ నమోదు తీసేస్తే సరిపోయింది.

ఈరోజు మధ్యాహ్నం కొత్తగా చేరిన అమ్మాయి టేబుల్ కాంపోనెంట్ రాస్తుంటే పక్కన కూర్చున్నాను. "రో-కీ" మీద మౌస్ ఆపింది. పెట్టెలో ఇలా ఉంది: "ప్రతి వరుసను గుర్తుపట్టే ప్రత్యేకమైన విలువ. వరుస సంఖ్య ఇవ్వవద్దు, క్రమం మారితే ఎంపికలు వేరే వరుసలకు పోతాయి." ఆమె అప్పటికే వరుస సంఖ్య రాసింది. చదివి, చెరిపి, ఐడీ రాసి ముందుకు సాగింది. నన్ను ఏమీ అడగలేదు. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

ఒక ప్రశ్న మిగిలింది. మా భాషలో ఏ కాంపోనెంట్ చూపించాలో ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు తేల్చే ట్యాగు ఒకటి ఉంది. దాని మీది యాట్రిబ్యూట్ ఎవరిదో రాసేటప్పుడు తెలియదు. అక్కడ ఏమి చూపించాలి?


జాడ
సోమవారం, రాత్రి 7:40

ఆ ట్యాగుకు ఇచ్చే విలువ రకం టైప్‌స్క్రిప్ట్‌కు తెలిస్తే, రాగల కాంపోనెంట్లు రెండో మూడో అయితే, ఒక్కోదాని పేరు కింద దాని వివరణ చూపించండి. వివరణ అన్నింటిలో ఒకటే అయితే ఒక్కసారి చూపితే చాలు. రకం తెలియకపోతే శూన్యమే ఇవ్వండి.


తొలకరి
మంగళవారం, ఉదయం 10:05

అలాగే చేశాను. మా కోడ్‌లో అలాంటి ట్యాగులు పద్నాలుగు ఉన్నాయి, తొమ్మిదింటికి వివరణ వస్తోంది. మిగిలిన అయిదింటిలో విలువకు రకం రాయలేదు. ఈ వారం అవి రాస్తాను.